ఎం 1.7 అనే సైజే లేదట!

ఎవరన్నారంటారా? నేను వాడే క్యాడ్ సాఫ్ట్‌వేర్ అంది. థ్రెడ్ సైజుల డ్రాప్‌డౌన్‌లో ఎం 1.6 ఉంది, దాని కింద ఎం 1.8 ఉంది. మధ్యలో శూన్యం. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను లెండి, నా గొడవ ఒక్క కంపెనీతో కాదు.

ముందు కథ, తర్వాత తిట్లు.

గజ్వేల్‌లో మా మేనమామకి గడియారాలూ కళ్లద్దాలూ బాగుచేసే చిన్న దుకాణం ఉంది. గడియారాలు రావడం తగ్గిపోయాక చేతికి ఏది వస్తే అది బాగుచేస్తున్నాడు. ఆ మధ్య ఒక ఫోటో స్టూడియో ఆయన పాత జపాన్ ఫిల్మ్ కెమెరా పట్టుకొచ్చాడు. ట్రైపాడ్ బిగించే చోట లోపలుండే ఇత్తడి బ్రాకెట్ విరిగిపోయింది. వాళ్ల నాన్న వాడిన కెమెరా, ఎట్లాగైనా నిలబెట్టమన్నాడట. మామ నాకు ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ల బొమ్మలు గీస్తవు గద, గిది జర గీసియ్యి, బాలానగర్‌ల చేయిపిస్త" అన్నాడు. నేను రాసేది వెబ్ అప్లికేషన్లని ఆయనకి ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నాను. అది వేరే సంగతి.

సరే, శనివారం బస్సెక్కి వెళ్లి కొలిచాను. నాలుగు స్క్రూలు. వ్యాసం 1.7 మిల్లీమీటర్లు, పిచ్ (అంటే ఒక మర నుంచి పక్క మరకి దూరం) 0.35. ఇదేదో దారి తప్పి పుట్టిన సైజు కాదండీ. ఎం 1.7, ఎం 2.3, ఎం 2.6 ఇవన్నీ జపాన్ ప్రమాణాల్లో ఒకప్పుడు దర్జాగా ఉన్నవే. తర్వాత ఐఎస్ఓ పట్టికలో వాటికి చోటు దక్కలేదు. పట్టికలో లేకపోతే మాత్రం అప్పటికే బిగించిన స్క్రూలు కెమెరాల్లోంచి వాటంతటవే ఊడి పడిపోతాయా?

వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లో ఎక్కడో లోపల ఒక ఎక్స్‌ఎమ్మెల్ ఫైలుంది. అందులో మనక్కావల్సిన సైజు రాసుకుంటే డ్రాప్‌డౌన్‌లోకి వస్తుంది. రాశాను. వచ్చింది. అమెరికా కనిపెట్టినంత సంబరం.

పది రోజులకి అప్‌డేట్ వచ్చింది. దానితో పాటే కొత్త ఫోల్డరూ, కొత్త ఫైలూ. నా నాలుగు లైన్లు గంగలో కలిసిపోయాయి. బ్రాకెట్ ఫైలు తెరిస్తే రంధ్రాలన్నీ ఎర్రగా ఉన్నాయి. రాత్రి పన్నెండైంది, పొద్దున్నే ఆఫీసులో రిలీజుంది. ప్రస్తుతానికి ఎర్ర రంగు పోతే చాలని ఎం 1.6 ఎంచుకుని, తర్వాత మార్చుదాంలే అనుకున్నాను. "తర్వాత మార్చుదాం" అని కోడ్‌లో టూడూ రాసిన ప్రతివాడికీ ఆ తర్వాత ఏమవుతుందో తెలుసు. మర్చిపోయి డ్రాయింగ్ అట్లాగే పంపించేశాను.

బాలానగర్‌లో ఆయన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు, ఆయన తప్పేం లేదు. ఎం 1.6కి 1.25 డ్రిల్లు వేసి ట్యాపు కొట్టాడు. ఎం 1.7కి 1.35 వెయ్యాలి. పిచ్ ఒకటే కాబట్టి స్క్రూ మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కింది. మూడో చుట్టుకి పట్టేసింది. మామ ఇంకాస్త తిప్పాడు. తల ఊడొచ్చింది. కెమెరాతో పాటు వచ్చిన అసలు స్క్రూ అది.

మామ నన్ను తిట్టలేదు. "ఏంరా, నీ కంప్యూటర్ల లేకుంటే లోకంల లేనట్టేనా?" అని మాత్రం అడిగాడు.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ తప్పుకి అంత చక్కగా దారి వేసిపెట్టిందెవరు? యూజర్ డేటాని ప్రోగ్రామ్ ఫోల్డర్లో పెట్టకూడదని మనం ఫ్రెషర్లకి మొదటి వారంలోనే చెప్తాం. లక్షలు పోసి కొనే సాఫ్ట్‌వేర్లో ఆ మొదటి వారం పాఠమే గల్లంతు. సైజు కలుపుకోవడానికి ఒక బటన్ పెట్టి, కలిపింది ఆ డిజైన్ ఫైలుతోనే దాచి ఉంచితే పోయేదేముంది?

మెకానికల్ మిత్రుడొకడు దీనికి అడ్డం వచ్చాడు. "ఎవడికి తోచిన సైజు వాడు పెట్టుకుంటే షాపుల్లో ట్యాపులు దొరకవు, స్టాండర్డ్ ఉన్నది అందుకే" అన్నాడు. కొత్త వస్తువు డిజైన్ చేసేవాడికి ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. వాడికి పసుపు రంగులో ఒక హెచ్చరిక చూపించండి, చాలు. కానీ నేను కొత్తగా ఏమీ కనిపెట్టడం లేదే! ఉన్న స్క్రూకి రంధ్రం చేస్తున్నాను.

ఆ మాటకొస్తే స్టాండర్డ్ అంటే ఏది? గడియారాల్లాంటి చిన్న పనుల కోసం ఐఎస్ఓ 1501 అని 0.3 నుంచి 1.4 మి.మీ. వరకు వేరే ప్రమాణమే ఉంది. నా డ్రాప్‌డౌన్‌లో అదీ లేదు. పాత బ్రిటిష్ పరికరాల్లో ఉండే బీఏ థ్రెడ్ సంగతి చూడండి. జెనీవాలో థ్యూరీ అనే ప్రొఫెసర్ 1878లో వేసిన పద్ధతిని 1884లో బ్రిటిష్ అసోసియేషన్ తీసుకుంది. 0 నంబరుకి పిచ్ 1 మి.మీ., ఆపైన ఒక్కో నంబరుకీ 0.9తో గుణిస్తూ పోవడమే. వ్యాసం కావాలంటే పిచ్‌ని 1.2 ఘాతానికి ఎత్తి 6తో గుణించండి. మొత్తం పట్టికకి ఒక్క లైను కోడ్ చాలు!

పదో నంబరుకి లెక్కేయండి సరదాగా. పిచ్ 0.35, వ్యాసం 1.7 వస్తాయి. అచ్చం మా మామ స్క్రూ అంకెలే. కానీ బీఏ మర కోణం 47.5 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. అంకెలు కలిశాయి కదా అని ఒకదాని బదులు ఇంకోటి బిగిస్తే సరిగ్గా కూర్చోదు. అందుకే "దగ్గర్లో ఉన్నది ఎంచుకోండి" అనే డ్రాప్‌డౌన్ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇహ మన సంగతి. ఇంటిపేరు పొడి అక్షరంలో రాసుకునే మనం "లాస్ట్ నేమ్ తప్పనిసరి" అనే ఫారాల ముందు తల బాదుకున్నవాళ్లమే. 2016 అక్టోబరు 11న గజ్వేల్ మెదక్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఆ తర్వాత చాన్నాళ్లకి కూడా ఒక సైటు నాకు మెదక్ మాత్రమే చూపించింది, సిద్దిపేట అని ఉన్న నా కాగితం చెల్లదంది. ఎర్ర రంగు పోవాలని అప్పుడూ మెదకే ఎంచుకున్నాను. ఆ ఫారం రాసింది కూడా నాలాంటి ఇంజనీరే. నేను రాసిన ఫారాల్లో ఎంతమంది ఇట్లా అబద్ధం ఎంచుకుని ముందుకెళ్లారో! పోయిన వారం నా కోడ్‌లో "ఇతరములు" లేని డ్రాప్‌డౌన్లు లెక్కబెట్టాను. పద్నాలుగు. ఆరు మార్చాను, మిగతా వాటికి మేనేజర్ "తర్వాత చూద్దాం" అన్నాడు :-)

అన్నట్టు బ్రాకెట్ బతికింది. మామ దాన్ని పటిక నీళ్లలో వేసి వెచ్చగా ఉంచాడు. పటిక ఇనుముని తినేస్తుంది, ఇత్తడిని ముట్టుకోదు. గడియారాల పనిలో పాత చిట్కాయే. మర్నాటికి విరిగిన ముక్క కరిగిపోయింది. రాణిగంజ్‌లో వెతికి ఎం 1.7 ట్యాపు పట్టుకెళ్లాను. నాలుగు రంధ్రాలూ 1.35కి పెంచి, పాత మర వెంటే మళ్లీ ట్యాపు కొట్టాడు. ఇప్పుడు డ్రాయింగ్‌లో ఉత్త రంధ్రమే గీసి, పక్కన మాటల్లో "ఎం 1.7, పిచ్ 0.35" అని రాసి పెట్టాను. మూడు స్క్రూలు బిగిశాయి. నాలుగోదాని కోసం మామ పాత కెమెరాల డబ్బా కుమ్మరించి వెతుకుతున్నాడు.