తుపాను నాటి పొయ్యి

కార్తిక మార్గశీర్షములు సమీపించినవనగా మన సముద్రతీరవాసులకు ఏటేట ఒక భయము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరములను సైతము విడువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగగా కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతముల లంకవాసులు ఇండ్లు విడిచి శిబిరములకు చేరవలసివచ్చెను. వాయుగుండము జాడ ముందుగా తెలియుచున్నది. బస్సులు కదలుచున్నవి. జననష్టము నాటికిని నేటికిని పోల్చరానంతగా తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని శిబిరమునకు చేరిన మొదటిరాత్రి ఆ మనుష్యులకు వేడియన్నము పెట్టువారెవరను ప్రశ్నకు మన మూడు పట్టణములలోను నేటికిని నిశ్చితమైన సమాధానము లేదు.

విజయవాడ వరదలలో హెలికాప్టరుల మీదను, డ్రోనుల మీదను ఆహారపు పొట్లములు జారవిడిచిరి. మిద్దెలపై చిక్కుకొని చుట్టును నీరున్నవారికి అంతకంటె గత్యంతరము లేదు. దానిని మేము ఆక్షేపింపము. మెరకనున్న బడిలో, ప్రక్కనే వంటగది ఉండగా, రెండువందల మంది కూర్చున్నచోట కూడ ఇరువదిక్రోసుల దూరమునుండి పొట్లము వచ్చువరకు వేచియుండుట ఏమి న్యాయము? పొట్లములో సాధారణముగా పులిహోరయే ఉండును. దానికి కారణము లేకపోలేదు. చింతపండు పులుపును, నూనెయు, పసుపును కలసిన అన్నము సాంబారన్నముకంటె ఆలస్యముగా పాడగును. మన పెద్దలు ప్రయాణములకు కట్టించుకొన్నదియు అదియే. అయినను వానలో నాలుగుగంటలు లారీలో మగ్గిన పొట్లమునకు పులుపు ఒక్కటియే రక్షకము కాజాలదు. మూడుపూటలు వరుసగా పులిహోర తినిన పసిపిల్లల కడుపు ఏమగునో తల్లులనడిగిన చెప్పుదురు.

పెద్దవంట అనగా పెద్దఖర్చని పట్టణవాసులలో ఒక అపోహ కలదు. పెండ్లిభోజనముల లెక్కలు చూచి కలిగిన అపోహ యిది. న్యాయవాదులము గనుక లెక్క అడుగు దుర్గుణము మాకు కలదు. పాఠకులు మన్నింతురు గాక. బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ప్రభుత్వమువారు విధించిన కొలత చూడుడు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు పిల్లవాడొక్కనికి బియ్యము 150 గ్రాములు, పప్పు 30 గ్రాములు, కాయగూరలు 75 గ్రాములు, నూనె ఏడున్నర గ్రాములు. బియ్యము ఉచితముగా వచ్చును. తక్కిన సంబారములకు 2025 మే 1వ తేదీనుండి నిర్ణయించిన సొమ్ము 10 రూపాయల 17 పైసలు. అనగా నూరుమందికి 1,017 రూపాయలు.

పప్పు కిలో 120 చొప్పున మూడుకిలోలకు 360, కూరలు కిలో 40 చొప్పున ఏడున్నరకిలోలకు 300, నూనె కిలో 150 చొప్పున ముప్పాతికకిలోకు 112న్నర అని ఎంచితిమేని, ఉప్పు, మిరపకాయ, చింతపండు, పోపుదినుసులు, వంటచెరకు అన్నిటికిని కలిపి మిగులునది 244న్నర రూపాయలు. ఇరుకే! అయినను నడచుచున్నది. దీనిని నడపువారు పాకశాస్త్రపండితులు కారు, మన యిరుగుపొరుగు స్త్రీలు. నూరుమందికి ఇట్లు వండగలవారు ఊరూర ఉండగా, తుపాను వచ్చిననాడు వంటవారు లేరని చేతులు ముడుచుకొనుట మనకు తగదు.

ఇరుకు బేరమును సడలించు ఉపాయములు మన నేలలోనే కలవు. కందిపప్పు మనకు పైప్రాంతములనుండి రావలయును, ధర నిలకడగా ఉండదు. మినుము అట్లు కాదు. సార్వా కోతల వెనుక మన డెల్టా పొలములలోనే చల్లుదురు. వారమునకు రెండుపూటలైనను పొట్టుమినపపప్పో పెసరపప్పో వాడినచో లెక్క మారును. కృష్ణలంకలలో కంద పండును, అరటికాయ పండును. కంద, గుమ్మడి, దోసకాయ అను మూటికిని ఒక విశేషగుణము కలదు. మంచుపెట్టె లేకయే రోజులతరబడి చెడక నిలుచును. టమాటా ధర ఆకాశమంటిన వారములో టమాటాచారు పెట్టవలెనని పట్టుబట్టువానికి పదిమందికి పెట్టు విద్య తెలియదని మా యభిప్రాయము. కిలో 40 కూర బదులు కిలో 25కు గుమ్మడికాయ దొరకినచో నూరుమంది లెక్కలో 112 రూపాయలు మిగులును. మునగాకునకు అంతకూడ అక్కరలేదు. పెరటిలో కోసికొనువాడు ఉన్నచాలును.

బియ్యము సంగతి వేరు. బాపట్ల పరిశోధనక్షేత్రమున పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, అదే బి.పి.టి. 5204, దేశమంతట మెచ్చిన సన్నబియ్యము. అది మనకు గర్వకారణమే. అయినను శిబిరపు గుండిగకు కావలసినది సన్నమా లావా అన్నది కాదు, పాతబియ్యమా కాదా అన్నది. క్రొత్తబియ్యము ముద్దయగును. పాతబియ్యము బాగుగా ఒదిగి, అదే తూకమునకు ఇంకొక పదివిస్తళ్లు ఎక్కువ నిండును. తుపానులు వచ్చునది క్రొత్తపంట ఇంకను చేలలో ఉండగానే కనుక పాతబియ్యమును నిలువచేయుటకు అడ్డేమియు లేదు. వార్చిన గంజిని పారబోయక ఉప్పువేసి వృద్ధులకు పిల్లలకు ముందుగా పోయుదురు గాక.

వంటచెరకు, కాలము, రెండును మిగులునది తెలివివలననే. పప్పు గంటసేపు నానవలయును. ఉడికిన పిమ్మటనే చింతపండు పడవలయును. పులుపు ముందు పడినచో పప్పు ఉడకదని వంటింటి మనుష్యులందరెరుగుదురు, కమిటీ మనుష్యులు మాత్రమెరుగరు! గాడిపొయ్యి త్రవ్వుటకు వానలో నేల కుదరదు. కావున గ్యాసుపొయ్యిలు, నిండుబండలు ముందే సిద్ధముగా నుండవలయును. వడ్డన గరిటెకొలతను సాగవలయును. మొదట తక్కువ వడ్డించి, అడిగినవారికి మారు వడ్డించినచో విస్తట విడిచిపెట్టునది తగ్గును. అడుగుటకు సిగ్గుపడు ముసలివారి వంక ఒక సేవకుడు కన్నువేసి ఉండవలెను.

చౌక యనగా పలుచన యని భ్రమింపరాదు. 1847లో ఐర్లండు క్షామమున అలెక్సిస్ సోయర్ అను ప్రఖ్యాత వంటవాడు డబ్లిను నగరములో పెద్ద పాకశాల నెలకొల్పి అతిచౌకగా పులుసు కాచి పోసెను. ఆ యేటి వేసవిలో ప్రభుత్వపు గంజిశాలలలో ముప్పదిలక్షల మందికి పైగా దినదినము ఆహారము దొరకెను. అంతమందికి పెట్టగలిగిన ఏర్పాటు మెచ్చదగినదే. ఆ పులుసులో సత్తువ చాలదని ఆనాడే వైద్యులు ఆక్షేపించిరి. పైగా శరదృతువు రాకముందే ఆ శాలలను మూసివేసిరి. అమృతసరమున స్వర్ణమందిరపు లంగరు చూడుడు. రొట్టె, పప్పు, ఇంతియే, కాని కడుపునిండ. దినమునకు ఏబదివేలమందికి తక్కువ కాకుండ అక్కడ భుజింతురు. కులమడుగువాడు లేడు, అందరిది ఒకే పంక్తి. మన శిబిరములలోను అట్లే కావలయును. మధ్యాహ్నభోజనపు వంటపనులలో దళితులకు ప్రాధాన్యమీయవలెనని సుప్రీముకోర్టు 2004 ఏప్రిలులోనే ఉత్తరువు చేసియున్నది. ఆ చేతివంట తినమనువారికి తుపాను ఒక్కటే బుద్ధి చెప్పవలెనా?

జాగ్రత్తల మాట ఒకటి. 2013 జూలైలో బీహారున సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో పురుగులమందు కలసిన నూనెతో వండిన అన్నము తిని 23 మంది పసివారు మరణించిరి. 2004 జూలై 16వ తేదీన కుంభకోణములో బడివంటపాకనుండి రేగిన నిప్పు 94 మంది పిల్లలను పొట్టనబెట్టుకొన్నది. అందుచే నూనెడబ్బాలు విడిగా తాళములో ఉండవలయును, పొయ్యి గడ్డికప్పు క్రింద ఉండరాదు, వడ్డనకు ముందు బాధ్యుడైనవాడొకడు తాను తిని చూడవలయును. దీనికి కానీ ఖర్చు లేదు.

వండు స్త్రీల కూలి సంగతి తలచుకొన్న మాకు సిగ్గగుచున్నది. కేంద్రము 2009లో నిర్ణయించిన గౌరవభృతి నెలకు 1,000 రూపాయలు. మన రాష్ట్రము 2019లో దానిని 3,000 చేసెను. 2024లో బడిభోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గన్నవరపు లంకలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండిపెట్టిన ఆ మహాతల్లి పేరు పెట్టుట యుక్తమే. ఆమె తన యింట తన ధాన్యముతో పెట్టెను. పరులకొరకు పొగలో నిలుచు ఈ స్త్రీలనుండి ఉచితసేవ కోరుటకు మనకేమి హక్కు? శిబిరమున వండిన ప్రతిదినమునకు విడిగా, అదేనాడు సాయంకాలము, చేతికి కూలి అందవలయును. సంబారముల లెక్కలో మొదటి పద్దు ఇది కావలెను, కడపటిది కాదు.

మా సూచన యిది. తెనాలి జంక్షను. సంతయు, మిల్లులును, రేపల్లెకు పోవు రైలుమార్గమును అక్కడనే ఉన్నవి. కాబట్టి పప్పు, నూనె, ఉప్పు, మిరపకాయలు తెనాలిలో నిలువ ఉండవలెను. గుండిగలు, గంగాళములు, తెడ్లు, జల్లిగంటెలు, పొయ్యిలు బాపట్లలో ఒక జత, రేపల్లెలో ఒక జత ఉండవలెను. తుపాను తాకునది ఆ రెండింటినే గదా. అయిదువేలమందికి మూడుదినముల సరకు చాలును. ఆపై ప్రభుత్వము రాకమానదు. తుపాను రాని యేట సంక్రాంతికి ముందు సరకును బడులకు, వసతిగృహములకు కొన్నధరకే ఇచ్చివేసి, ఆ సొమ్ముతో మరుసటి యేడు క్రొత్తసరకు కొనవచ్చును.

అయిదు రూపాయల భోజనశాలలను ప్రభుత్వము 2018లో తెరచినది, 2019లో అవి మూతపడినవి, 2024 ఆగస్టు 15న గుడివాడనుండి మరల తెరచిరి. ఆ వాదములోనికి మేము దిగము. ఇట్టి నిలువ పక్షముల చేతిలో ఉండరాదని మాత్రము దానివలన తెలియుచున్నది. వర్తకసంఘమువారు, పఠనాలయములవారు, దేవాలయ, చర్చి, మసీదు పెద్దలు కలసి ఒక్కొక్క ఊర ఏడుగురి సంఘము ఏర్పరచవలెను. అందు ఇద్దరైనను వండు చేతులు కలవారై యుండవలెను. గిడ్డంగి తాళములు రెండుజతలు ఉండవలెను, రెండవది వంటవారి పెద్ద చేతిలో. దస్తావేజు వ్రాయుటకును, ఏటేట లెక్క తనిఖీ చేయుటకును మా వృత్తివారు ప్రతిఫలము లేకయే వత్తురు. భాద్రపదము దాటకముందే మూడు ఊళ్ల పఠనాలయములవారును ఒక్కొక్క సభ చేసి, ఏ బడిలో ఎన్ని పొయ్యిలు కలవో, ఏ వీధిలో ఎందరు వంటవారు కలరో పట్టిక వ్రాసి మాకు పంపినచో ఈ పత్రికయందు ప్రకటింతుము.