నాగజెముడు పుట్టిల్లు

సంగారెడ్డి జిల్లా కోహీర్ పేరు వినగానే జామపండు నోరూరిస్తుంది. ఆ చుట్టుపక్కల ఎర్ర చెలకల గట్ల మీద అక్కడక్కడా మొలిచే నాగజెముడును మాత్రం ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రెంటి పుట్టిల్లూ ఒకటే. రెండూ సముద్రం దాటి అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

నాగజెముడు ఒక కాక్టస్. ఎడారి బొమ్మ వెయ్యమంటే పిల్లలు ఇసుకతిన్నె, ఒంటె, పక్కన ఓ కాక్టస్ వేస్తారు. ఒంటెలు తిరిగే సహారాలోగానీ, అరేబియాలోగానీ, మన థార్‌లోగానీ కాక్టస్ సహజంగా పుట్టదు. వెయ్యికి పైగా ఉన్న కాక్టస్ జాతుల్లో రిప్సాలిస్ ఒక్కటే ఆఫ్రికా, శ్రీలంక అడవుల్లోనూ సహజంగా కనిపిస్తుంది. మిగతావన్నీ అమెరికావే. అక్కడి సొనోరా ఎడారిలో సగువారో అనే కాక్టస్ నలభై అడుగులు ఎదుగుతుంది. దానికి మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్లు దాటుతుంది.

మరి మన బొంతజెముడు? అది కాక్టస్ కాదు, ఈ నేలదే. కోస్తే తెల్లని పాలు కారతాయి. నాగజెముడు మట్టను కోస్తే పాలు రావు, జిగురు నీరు వస్తుంది. దాని ముళ్లన్నీ చిన్న చిన్న మచ్చల్లోంచి గుత్తులుగా లేస్తాయి. పెద్ద ముల్లు పక్కనే కంటికి ఆనని నూగు ఉంటుంది. వేలికి అంటిందంటే ఓ పట్టాన వదలదు.

నాగజెముడు మీద బతికే, ఎర్ర రంగునిచ్చే పురుగుల కోసం ఈస్టిండియా కంపెనీ ఈ జాతి మొక్కల మీద ఆశ పెట్టుకుంది. 1795లో బ్రెజిల్ నుంచి వచ్చింది అసలు రంగుపురుగు కాదు, దాని దాయాది. రంగు నాసిగా వచ్చింది, పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును తినేసింది. చేలను ఆక్రమించిన మరో రకాన్ని అణచడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో పురుగును దక్షిణాదికి తెచ్చారు. మొక్కను తెచ్చిందీ మనుషులే, దాని మీదికి పురుగును వదిలిందీ మనుషులే. తప్పు మొక్కదని నేను అనుకోను.

ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో రాతి స్తంభాలకు పాకించి పెంచుతున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టసే. దాని సొంతచోటు ఎడారి కాదు, మధ్య అమెరికా అడవి.

కోహీర్ బడుల్లో ఈ పాఠానికి నల్లబల్ల అక్కర్లేదు. పిల్లల్ని గట్టు దాకా తీసుకెళ్లి రెండు జెముళ్లనూ పక్కపక్కన చూపిస్తే చాలు. బొంతజెముడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కనుక, కోసి చూపించే పని మాత్రం పంతులుగారే చెయ్యాలి.