హాస్యరచయితకు భృతి చాలునా?

హాస్యము జన్మతో రావలసినదే గాని యొకరు నేర్పిన వచ్చునది కాదని వాదించువారు పెక్కురు కలరు. ఈ వాదము పరీక్షకు నిలువదు. రే గాల్టన్, అలన్ సింప్సన్ అను యువకు లిరువురు 1948లో ఇంగ్లండునందలి మిల్‌ఫర్డు క్షయరోగ చికిత్సాలయమున కలిసికొనిరి. అచటి రోగుల వినోదార్థము నడచుచుండిన చిన్న రేడియోకై హాస్యఖండికలు వ్రాసిరి. వారే 1954 నుండి బీబీసీ రేడియోలో 'హాంకాక్స్ హాఫ్ అవర్' అను ప్రఖ్యాత హాస్యరూపకమాలను రచించిరి. వారికి ప్రతిభ లేదని మేమనము. కాని వ్రాసినది వినబడుట, విన్నవారు నవ్విరో లేదో తెలిసికొనుట, మరల వ్రాయుట అను నభ్యాసము లేనిచో ఆ ప్రతిభ యేమై యుండెడిది?

ఈ సత్యమును బీబీసీ గ్రహింపకపోలేదు. వర్ధమాన రచయితలను కొద్దిమందిని ఎన్నుకొని, భృతి యొసగి, కొంతకాలము తన రేడియో హాస్యశాఖలో నుంచుకొని తరిఫీదు చేయు పద్ధతిని అది అవలంబించినది. ఈ పద్ధతిని మేము నిందింపము. రేడియోలో నటుని ముఖము కనబడదు. ఎవరు వచ్చిరో, ఏమి పగిలెనో, ఏల నవ్వవలెనో సర్వమును మాటయు ధ్వనియు నిశ్శబ్దమును మాత్రమే తెలుపవలెను. నిర్మాత ప్రక్కన కూర్చుండి తన రచనలో సగము కొట్టివేయబడుట చూచినగాని ఈ విద్య యలవడదు. ఇంటి యద్దె చెల్లింపలేనివానికి భృతి లేక యట్టి యవకాశమే లేదు.

మా యభ్యంతరము వేరు. కొద్దిమంది నెన్నుకొనుటకు ముందు పెక్కుమంది వ్రాసి చూపు తావొకటి యుండవలెను గదా! రేడియో 4లో 1970 నుండి 1998 వరకు నడచిన 'వీక్ ఎండింగ్' అను వార్తావ్యంగ్య కార్యక్రమ మట్టి తావు. దాని రచయితల సమావేశమునకు పేరులేనివాడును పోవచ్చును. ప్రసారమైన ఖండికకు సొమ్ము ముట్టెడిది. డగ్లస్ ఆడమ్స్, స్టూవర్ట్ లీ, రిచర్డ్ హెరింగ్ మున్నగువారు తొలినాళ్లలో దానికి వ్రాసిరి.

ఈ మువ్వురును ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులే గదా, తెరచిన తలుపు వలన సామాన్యునకు కలిగిన లాభమేమని ప్రతిపక్షులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. లండనుకు రాగలవానికే ఆ సమావేశము దక్కెను. కాని దానికి మందు తలుపు మూయుట కాదు, తలుపును వెడల్పు చేయుట. 2009లో మొదలైన 'న్యూస్‌జాక్' ఎచ్చటనుండి పంపిన రచననైనను స్వీకరించి ఈ లోపమును తీర్చెను. అయినను అది వీక్ ఎండింగు వలె సంవత్సరములో నధికభాగము నడువక, కొలది వారములే నడచి ఆగెడిది. 2021లో అదియు ముగిసెను. మరుసటి యేట 'డీఎమ్స్ ఆర్ ఓపెన్' దాని స్థానమును పొందెను. మధ్యమధ్య విడిచిపెట్టు వ్యాయామమున కండలు పెరుగునా?

2017లో బీబీసీ, ఫెలిక్స్ డెక్స్టర్ అను కీర్తిశేషుడైన హాస్యనటుని పేర, అల్పసంఖ్యాక జాతుల హాస్యరచయితలకై ప్రత్యేక భృతి నేర్పరచెను. మంచిపనియే. కాని తమ యెన్నిక యంతవరకు ఇరుకైనదని ఆ సంస్థయే యొప్పుకొన్నట్లు కాలేదా? ఇరుకును ప్రత్యేక భృతులతో సరిచేయుట కంటె, పేరును ఊరును అడుగక రచనను మాత్రమే చదువు పద్ధతి మేలు.

వేలకొలది చెత్త వచ్చి పడునని కొందరు భయపడుదురు. పడనిండు. వేయింటిలో పదింటిని ఏరుటయే సంపాదకుని వృత్తి. ఆ శ్రమకు జీత మిచ్చునది లైసెన్సు రుసుము చెల్లించు ప్రతి గృహస్థుడును గదా. అతని కుమార్తె వ్రాసిన పుటను చదువుటకు తీరిక లేదనుట యే ధర్మము?

కావున భృతి యుండవలెను. దానితోపాటు సంవత్సరము పొడవున, ప్రతివారమును, ఎవరైనను రచన పంపదగిన ప్రసార మొకటి యుండవలెను. ప్రసారమైన ప్రతి పంక్తికి వెల యీయవలెను. భృతి పొందువారిని ఆ ప్రసారమున నలిగినవారి నుండియే యెన్నుకొనవలెను. అట్లు కానిచో ఈ తరిఫీదు, విత్తనములు చల్లక పండ్లకు బహుమానము ప్రకటించుట వంటిదగును.