పాత పాటే కావాలంటే ఎలా జనాబ్?

విడిపోయిన బ్యాండు మళ్లీ కలిసిందన్న ఖబర్ వస్తే చాలు, మనవాళ్ల ఫర్మాయిష్ ఒక్కటే: "ఆ పాత పాటే కానీయండి". కొత్త పాట ఎత్తుకుంటే మొహం ముడుచుకుంటారు. దీన్ని మొహబ్బత్ అంటే నేనొప్పుకోను. ఇది బతికున్న మనుషులకు ఫాతెహా చదవడం.

కరాచీ స్ట్రింగ్స్ సంగతే చూడండి. 1988లో నలుగురు కాలేజీ కుర్రాళ్లు మొదలుపెట్టారు. 'సర్ కియే యే పహాడ్'తో పేరొచ్చింది. 1992లోనే బ్యాండు ఆగిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత బిలాల్ మక్సూద్, ఫైసల్ కపాడియా ఇద్దరే మళ్లీ కలిశారు. ఆ ఒక్క పాట పట్టుకుని ఊరూరా తిరిగినా గుజారా అయ్యేదే. వాళ్లు స్టూడియోలో కూర్చుని 'దూర్' ఆల్బమ్ చేశారు. 2003లో 'ధానీ'. 2004లో 'నా జానే క్యూ' పాట స్పైడర్‌మ్యాన్ 2 సినిమాతో పాటు మన దేశానికీ వచ్చింది. 2018లో ముప్పై ఏళ్లు నిండితే ఆ పండుగకూ కొత్త ఆల్బమే చేశారు. 2021 మార్చిలో ఖుదాహాఫిజ్ చెప్పారు.

"పైసల కోసం కలిశారు" అని ఇల్జామ్ వేసేవాళ్లుంటారు. పైసలకైతే పాత పాటే సులువు కదా! ఖత్రా అంతా కొత్త పాటలోనే ఉంది.

'దూర్' పాట రాసింది బిలాల్ అబ్బా, అన్వర్ మక్సూద్. ఆయన పుట్టింది మన హైదరాబాదులో. పోయిన జమానాకు మర్సియా రాసుకుంటూ కూర్చోవచ్చు. ఆ పెద్దాయన కొడుకు గిటారుకు మాటలు రాశాడు.

ఇక మన ఇళ్లలో? దావత్‌లో గజల్ పెట్టుకుని "క్యా జమానా థా" అని నిట్టూర్చే పెద్దలే, దక్ఖనీలో ర్యాప్ రాసుకున్న పిల్లాణ్ని "క్యా బక్వాస్ హై రే" అని కసురుతారు. ఉర్దూ చచ్చిపోతోందని ఏడ్చేదీ వీళ్లే. కొత్త మాట పలికే నోరు మీరే మూయిస్తే జుబాన్ ఎట్లా బతుకుతుంది? నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో రాస్తున్నాను. ఈ మర్జ్ రెండు జుబాన్లలోనూ ఉంది.

పాత క్యాసెట్లు హిఫాజత్‌గా దాచుకోండి, ఎవరొద్దన్నారు? కానీ మళ్లీ కలిసినవాళ్లు కొత్త పాట ఎత్తుకుంటే రెండుసార్లు వినండి. మీ ఇంట్లో పిల్లాడు రాసిందీ అంతే. నచ్చకపోతే అప్పుడు చెప్పండి. అది మీ హఖ్. వినకుండా కసరడం మాత్రం ఎవరి హఖ్ కాదు.