ఆ పొద పేరు యాప్ చెప్తే సరిపోదు



చలి మొదలైతే చాలు, పాడేరు ఘాట్ రోడ్డు పక్కనా, వదిలేసిన పోడు చేలల్లోనూ తెల్లగా, కాస్త లేత ఊదాగా పూసే పొద ఒకటి కనబడుతుంది. మనలో కొందరు దాన్ని వయ్యారిభామ అంటున్నారు, కొందరు లాంటానా అంటున్నారు. యాప్ అయితే ఫోటోకో పేరు చెప్తోంది. అది ఆ రెండూ కాదు, క్రోమోలీనా ఒడొరాటా. పాత పుస్తకాల్లో యూపటోరియం అని ఉంటుంది. మొక్క అదే, శాస్త్రవేత్తలు 1970లో పేరు మార్చారు.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, ఆకు మొదట్లోనే మూడు ఈనెలు విడిపోతాయి, నలిపితే ఘాటు వాసన. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంటుంది. లాంటానాకి ముళ్లుంటాయి, నల్లటి పళ్లు కాస్తాయి, దాని కుటుంబమే వేరు. ఇది మన వలిసెలు, బంతి, చేమంతి కుటుంబం. వలిసె పువ్వు తుంచి చూడండి, ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్న పూల గుంపు. క్రోమోలీనాలోనూ అంతే, కాకపోతే చుట్టూ రేకులుండవు, సన్నని గొట్టాల్లోంచి దారాల్లాంటివి బయటికొస్తాయి. ఎండాక గింజలు తురాయి కట్టుకుని గాలికి పోతాయి, బట్టలకీ అంటుకుంటాయి.

పేరుతో పనేంటి అంటారా? పశువులు దీన్ని ముట్టవు. దీని నీడలో గడ్డి లేవదు. ఎండాకాలం ఎండిన కొమ్మలు భగ్గున అంటుకుంటాయి. నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురేస్తుంది, అందుకే పూత రాకముందే, నేల మెత్తగా ఉండగా వేళ్లతో పీకాలి. గింజ పట్టాక మోసుకెళ్తే మనమే విత్తినట్టు.

ఆకు పసరు గాయాలకి పనికొస్తుంది కాబట్టి ఉండనిద్దాం అనే వాదన మాకు నచ్చలేదు. గాయానికి మనకి గడ్డి చేమంతి ఉంది. (అదీ అమెరికా నుంచి వచ్చిందే లెండి, కానీ అడవిని మింగలేదు.) దీన్ని కషాయం కాచి తాగడం అసలే వద్దు, కాలేయానికి చెడు చేసే పదార్థాలున్నాయి.

ఇదంతా పోడు వల్లే వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. మేం ఒప్పుకోం. అమెరికా ఖండాల మొక్కని 19వ శతాబ్దంలో అందం కోసం కలకత్తా తోటకి తెచ్చింది మన తాతలు కాదు. వెలుతురు పడిన చోటల్లా అది లేస్తుంది. పోడులో లేస్తుంది, నిజమే. రోడ్డుకీ క్వారీకీ కరెంటు లైనుకీ చెట్లు కొట్టిన చోటా లేస్తుంది. ఆ లెక్క ఎవరూ తియ్యరే?

2006 అటవీ హక్కుల చట్టం అడవిని, అందులోని జీవజాలాన్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. మొక్కల గురించి మన పెద్దల జ్ఞానం మీద హక్కు కూడా అందులోనే ఉంది. దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆకు, కాండం విడివిడిగా ఫోటోలు తియ్యండి. కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, కోయలోనో మీ అవ్వాతాతలు దాన్నేమంటారో, వాళ్ల చిన్నప్పుడు అక్కడ ఏముండేదో అడిగి రాసుకు రండి. ఎక్కడ ముందు పీకాలో గ్రామసభలో తీర్మానం రాయించాలంటే ఆ రెండూ కావాలి.