పుర్రెను కొలిస్తే బుద్ధి తెలియదు

2023 జనవరిలో రాక్షసబల్లుల మీద రెండు పరిశోధనలు కొద్ది రోజుల తేడాతో వెలువడ్డాయి. మొదటిది అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. టిరానోసారస్ రెక్స్ ముందు మెదడులో 300 కోట్ల దాకా న్యూరాన్లు ఉండి ఉంటాయని, ఆ లెక్కన అది బబూన్ కోతికి తీసిపోదని నాడీశాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ అంచనా కట్టారు. అన్ని న్యూరాన్లున్న జంతువు పనిముట్లు వాడి ఉండవచ్చు, నేర్చుకున్నది తోటివాటికి అందించి ఉండవచ్చు అన్న ఊహ కూడా ఆ వెంటే వచ్చింది. రెండోది మన దేశానిది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన హర్ష ధీమాన్, గుంటుపల్లి ప్రసాద్, వారి సహచరులు మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో, నర్మదా లోయలో 92 గూళ్లను, వాటిలో 256 గుడ్లను గుర్తించి ఆ వివరాలు ప్రకటించారు. అవి టైటనోసార్లనే భారీ శాకాహారుల గుడ్లు. పత్రికల్లో, టీవీల్లో పులిలా గర్జించింది మొదటి పరిశోధనే. కోతి తెలివున్న టి.రెక్స్ అంటే ఎవరికి ఆసక్తి ఉండదు? కానీ ఏనాడో అంతరించిన జీవి మనసు గురించి మనకు నిజంగా ఏమైనా చెప్పగలిగేది రెండో రకం పనే. బుద్ధిని పుర్రెలో వెతకడం కన్నా, ఆ జీవి చేసిన పని నేలమీద వదిలిన ఆనవాళ్లలో వెతకడం మేలు.

పుర్రె లెక్క ఎలా కడతారో కాస్త దగ్గరగా చూస్తే ఇందులోని చిక్కు అర్థమవుతుంది. మెదడు మెత్తటి పదార్థం, అది శిలాజంగా మిగలదు. మిగిలేది పుర్రెలో అది ఉన్న ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీని స్కాన్ చేసి, దాని కొలతను బట్టి మెదడు బరువును అంచనా వేస్తారు. ఆ బరువుకు ఎన్ని న్యూరాన్లు పట్టి ఉంటాయో బతికి ఉన్న బంధువులను చూసి లెక్కిస్తారు. ఇందులో రెండు చోట్ల ఊహ దూరుతుంది. పక్షి పుర్రెలో మెదడు గదినిండా ఉంటుంది. మొసలి పెరిగేకొద్దీ మెదడు ఆ గదిలో వెనకబడుతుంది, బాగా పెద్ద మొసలిలో సగం కూడా నిండదు. మరి టి.రెక్స్ గది ఎంత నిండింది? ఆపైన, పక్షి మెదడులో న్యూరాన్లు కిక్కిరిసి ఉంటాయి, సరీసృపాల మెదడులో పలచగా ఉంటాయి. టి.రెక్స్‌కు ఏ లెక్క వాడాలి? పెట్టె కొలిచి లోపలి బంగారం తూకం చెప్పడం లాంటిదిది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన కై కాస్పర్, బ్రిటన్ పరిశోధకుడు డారెన్ నైష్ తదితరులు 2024 ఏప్రిల్‌లో ఇదే లెక్కను మళ్లీ కట్టి చూపించారు. గది సైజు, సాంద్రత రెండింటినీ సరీసృపాల వైపు జరిపితే 300 కోట్లన్న అంకె ఎన్నో రెట్లు పడిపోయింది. కోతి దగ్గర మొదలైన జంతువు మొసలి దగ్గరికి వచ్చింది. ఎముక మారలేదు, పుర్రె మారలేదు, మారింది మనం పెట్టుకున్న ఊహే.

న్యూరాన్ల లెక్కంతా వట్టిదని నేను అనడం లేదు. హెర్కులానో-హౌజెల్ కూడా పాల్గొన్న 2016 నాటి పరిశోధన ఒకటి, చిలుకలు, కాకుల ముందు మెదడులో కోతులకు దీటుగా న్యూరాన్లున్నాయని తేల్చింది. పిట్ట బుర్రని చిన్నచూపు చూసినవాళ్లకు అది గట్టి జవాబు. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవుల కాకులు సన్నటి కొమ్మను విరిచి, ఆకులు దులిపి, కొసను కొక్కెంలా మలుచుకుని చెట్టు తొర్రల్లోని పురుగులను లాగి తింటాయని 1996లోనే ప్రపంచానికి తెలిసింది. అయితే ఇక్కడ వరస గమనించాలి. కాకి తెలివి మొదట దాని పనిలో కనబడింది, న్యూరాన్ల లెక్క ఆ తెలివికి కారణం వెతకడంలో సాయపడింది. టి.రెక్స్ విషయంలో వరస తలకిందులైంది. పని ఎవరూ చూడలేదు, లెక్కను చూసి పనిని ఊహించారు. పైగా ఆ లెక్క బతికున్న జంతువుల దగ్గరే నిలకడగా నడవదు. మన మెదడు పైపొరలో సుమారు 1,600 కోట్ల న్యూరాన్లుంటే, పైలట్ తిమింగలంలో అవే 3,700 కోట్ల పైచిలుకు. ఆ తిమింగలం మనకన్నా రెట్టింపు తెలివైనదని చెప్పే సాహసం ఎవరూ చేయరు. మరో కొసన తేనెటీగ ఉంది. దానికి ఉన్నవి మొత్తంగా 10 లక్షల న్యూరాన్లే. తక్కువ గుర్తులున్న బొమ్మను ఎంచుకోవడం నేర్పితే, ఏమీ లేని ఖాళీ బొమ్మ ఒకటికన్నా తక్కువని అది గ్రహించిందని 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం చూపింది. సున్నా భావన అంత చిన్న మెదడులో పట్టినప్పుడు, పెద్ద మెదడును చూసి అంచనాలు వేయడంలో మనం కాస్త తగ్గాలి.

కాస్పర్ బృందం లెక్క వచ్చాక మరో రకం వార్తలు వచ్చాయి. టి.రెక్స్ తెలివి మొసలి పాటిదే అని తేలిపోయిందట, పాపం! ఈ జాలి కూడా మొదటి అతిశయోక్తి లాంటిదే. మొసలి మొద్దు జంతువని ఎవరు చెప్పారు? చెన్నై దగ్గరి మద్రాస్ క్రోకడైల్ బ్యాంకులో, అమెరికాలోని లూసియానాలో మొసళ్లను, ఎలిగేటర్లను గమనించిన వ్లాదిమిర్ డైనెట్స్ 2013లో ఒక ఆసక్తికరమైన వివరం ప్రకటించారు. కొంగలు గూళ్లు కట్టే చెట్ల కింద మొసళ్లు మూతి మీద పుల్లలు నిలుపుకుని కదలకుండా నీళ్లలో పడి ఉంటాయి. గూటికి పుల్లల కోసం వెతుకుతూ కొంగ దిగిందా, అంతే సంగతులు. లూసియానాలో ఇది గూళ్లు కట్టే రుతువులోనే, కొంగల కాలనీల దగ్గరే ఎక్కువగా కనిపించింది. దీన్ని ఎరగా లెక్కించవచ్చా లేదా అన్నది ఇంకా తేలలేదు. తరవాత ఎలిగేటర్ల మీద చేసిన ఒక పరీక్షలో ఇదే ఫలితం రాలేదు. మొసలిని మళ్లీ పరీక్షించగలిగారన్నదే ఇక్కడ నాకు ముఖ్యం. బతికి ఉన్న జంతువు చేసే పనిని నిలదీయవచ్చు, మళ్లీ చూడవచ్చు, తప్పైతే ఒప్పుకోవచ్చు. మొసలి తల్లి తన పిల్లలను నోట్లో పెట్టుకుని జాగ్రత్తగా నీటికి చేరుస్తుందన్నదాంట్లో మాత్రం వివాదమే లేదు. 300 కోట్ల అంకెకు ఇలా మళ్లీ పరీక్షకు నిలిచే భాగ్యం లేదు, దాన్ని పుర్రె ఖాళీ దాటి ఎక్కడా సరిచూడలేం.

నర్మదా గూళ్ల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ గుడ్ల కన్నా, గూటికీ గూటికీ మధ్య ఉన్న దూరం ఎక్కువ చెబుతోంది. గూళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, అంత భారీ తల్లులు వాటి మధ్య తిరిగే చోటు లేదు. గుడ్లు పొదిగి, పిల్లలను సాకే అవకాశం తక్కువని, గుంపుగా వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయని పరిశోధకులు దాన్నుంచే నిర్ధారణకు వచ్చారు. అంటే ఒక ప్రవర్తన మొత్తం గూళ్ల అమరికలో దాగి ఉంది. అందులోంచి ఒక గుడ్డును ఇంటికి పట్టుకెళ్లి అలమరాలో పెట్టుకుంటే గుడ్డు మిగులుతుంది, దూరం మిగలదు.

ఆనవాళ్లు కూడా మోసం చేస్తాయి కదా అని అడగవచ్చు. చేస్తాయి, ఒవిరాప్టర్ కథే అందుకు సాక్ష్యం. 1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో అమెరికన్ మ్యూజియం బృందానికి గుడ్ల గూటి దగ్గర ఒక చిన్న రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. ఆ గుడ్లు వేరే జాతివని, ఇది వాటిని దొంగిలించడానికి వచ్చి చచ్చిందని అనుకున్నారు. గుడ్లదొంగ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. డెబ్బై ఏళ్ల తరవాత, 1993లో, అలాంటి గుడ్డులోనే దాని సొంత కుటుంబానికి చెందిన పిండం బయటపడింది. అలాగే గుడ్ల మీద చేతులు చాచి కప్పుకుని కూర్చున్న భంగిమలోనే శిలాజమైన దాని బంధువు ఒకటి దొరికింది. దొంగగా ముద్ర పడింది తల్లో తండ్రో అయి ఉండవచ్చు. పేరు మాత్రం నేటికీ మారలేదు, నామకరణ నియమాలు అలాంటివి. ఈ తప్పు దిద్దుకోగలిగామంటే అందుకు కారణం గుడ్లు, ఎముకలు ఏ అమరికలో దొరికాయో ఆ అమరికను జాగ్రత్తగా నమోదు చేసి దాచడమే.

మన దగ్గర ఈ విషయంలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. 1988లో పి. యాదగిరి ఆ జంతువుకు శాస్త్రీయ నామం పెట్టారు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒక్కచోటే దొరికాయి, పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు మినహా తల లేదు. అంటే పుర్రెను కొలిచే వాళ్లకు కోటసారస్ దగ్గర చేయగలిగింది ఏమీ లేదు. అవి మందగా బతికాయా, వరదలో కలిసి కొట్టుకొచ్చాయా అన్న ప్రశ్నకు జవాబు ఆ ఎముకలు నేలలో పడి ఉన్న తీరులోనే ఉంటుంది. ప్రాణహిత-గోదావరి లోయలో ఇంకా ఎన్ని ఆనవాళ్లున్నాయో తవ్వేదాకా తేలదు, తవ్వడానికి ముందే క్వారీకో రోడ్డుకో పోతే ఎప్పటికీ తేలదు. పనులు ఆపేయమని ఎవరూ అడగడం లేదు. అడిగేదల్లా కూలదోసే ముందు నమోదు చేసే గడువు ఇవ్వమనే. శిలాజ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ఆ రక్షణ అవసరాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు గట్టిగా వినిపించాలి. పొలం దున్నుతుంటేనో బావి తవ్వుతుంటేనో ఎముకలాంటి రాయి, గుండ్రటి గుడ్డులాంటి రాయి తగిలితే దాన్ని పెకలించకండి. ఉన్నచోటే ఫోటో తీసి, హైదరాబాద్‌లోని జియోలాజికల్ సర్వే కార్యాలయానికి కబురు పెట్టండి.