కొంగు చాటు సంచీ (పల్లె పాఠాలు – 14)



పండగలు దగ్గరపడితే చాలు, ఫేస్‌బుక్ నిండా ఒకటే కలవరింత. నాన్న వేలు పట్టుకుని బజారుకెళ్ళిన రోజులు, అమ్మ గంటసేపు బేరమాడిన చీరల కొట్టు, తిరిగొస్తూ తాగిన గోళీ సోడా, ఇంటిల్లిపాదీ చూసొచ్చిన సినిమా. చివర్లో తప్పకుండా ఒక నిట్టూర్పు: "ఆ రోజులే వేరు. మనుషుల్లో కల్మషం లేదు. కులాలు గిలాలు మాకు తెలియనే తెలియవు." కింద వందల లైకులు. మన పిల్లలు కూడా ఆ పోస్టులకు ప్రేమ గుర్తులు పెట్టి షేర్ చేస్తుంటే చూసి ఈ భాగం రాస్తున్నాను.

ఆ జ్ఞాపకాలు అబద్ధమని నేననను. ఎవరి అమ్మానాన్నలు వాళ్ళకు ముద్దే. నా పేచీ ఆ చివరి వాక్యంతోనే. కులం తెలియకుండా పెరగగలిగిన బాల్యం ఎవరిది? ఏ కొట్టు మెట్టెక్కడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేని వాళ్ళది. మెట్టు కిందే ఆగిపోయిన పిల్లకు కులం అనే మాట తెలియకపోయినా, ఎక్కడ ఆగాలో తెలుసు.

సెలవుల ప్రయాణం, కొత్త బట్టల సంబరం బాబాసాహెబ్ బాల్యంలోనూ ఉన్నాయి. 1901. ఆయనకు తొమ్మిదేళ్ళు. గోరేగావ్‌లో క్యాషియర్‌గా ఉన్న తండ్రి, వేసవి సెలవులకు రమ్మని సతారాలో ఉన్న పిల్లలకు ఉత్తరం రాశాడు. కొత్త చొక్కాలు, తళతళలాడే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు కొన్నారు. అప్పటిదాకా రైలు మొహం చూడని పిల్లలు సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. వాళ్ళ బట్టలు చూసి స్టేషన్ మాస్టర్ బ్రాహ్మణుల పిల్లలనుకున్నాడు. మహార్లమని చెప్పగానే అతని మొహం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామంటే గానీ ఒక్క బండివాడూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాడు కూడా బండి పిల్లలనే తోలుకోమని తాను పక్కన నడిచాడు. వెంట తిండి ఉంది, నీళ్ళు లేవు. దారిలో ఇచ్చేవాళ్ళూ లేరు. రాత్రంతా దాహంతో గడిపారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మొదలయ్యేది ఈ ప్రయాణంతోనే.

ఇందులో పేదరికం ఎక్కడుందో చూపించండి. చేతిలో డబ్బుంది, ఒంటి మీద కొత్త బట్టలున్నాయి, కిరాయి రెట్టింపు కట్టారు. దొరకనివి గుక్కెడు నీళ్ళు.

దీనికి తొంభై ఏళ్ళ తర్వాత, తెనాలికి కూతవేటు దూరంలో మా బాల్యం. మాది డెల్టా పల్లె. డిసెంబరులో వరి కోతలై, కుప్పలు పడి, ఆసామి కూలి లెక్క తేల్చాక, క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మా ఇంట్లో బజారు ప్రయాణం. ఏడాదికి ఒక్కసారి. అమ్మ మా తలలకు నూనె రాసి, రెండు జడలు బిగించి, మొహానికి పౌడరద్ది, ఎర్ర బస్సెక్కే ముందు ఒకే మాట చెప్పేది: "కొట్లో ఏదీ ముట్టుకోమాక."

ఏ అమ్మయినా ఈ మాటే చెబుతుంది కదా అంటారు. చెబుతుంది. కానీ ఆ అమ్మ భయం వస్తువు పగులుతుందని. మా అమ్మ భయం, చేయి తగిలిందని ఎవరో ఏదో అంటారని. ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర ఆమె చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న పాఠం అది. చిల్లర బల్ల మీద పెట్టాలి, చేతికివ్వకూడదు. పొట్లం పైనుంచి వదిలితే కొంగు పట్టి అందుకోవాలి. ఆ పాఠాన్నే ఆమె ముందుజాగ్రత్తగా మాకు అప్పజెప్పింది. బయటివాడు అనకముందే అమ్మ నోటితోనే అనిపించడం, కులం చేసే పనుల్లో నేను ఎప్పటికీ క్షమించలేనిది ఇదే.

తెనాలి బట్టల కొట్లో మొదటి ప్రశ్న "ఏం కావాలి" కాదు, "ఏ ఊరమ్మా?" రెండోది "ఊళ్ళోనా, పల్లెలోనా?" ఆ జవాబును బట్టి ఏ అర నుంచి తాను దిగుతుందో తేలిపోయేది. మేం అడగకుండానే చవకరకం వచ్చి ముందు పడేది. నా వేలు ఇంకో అర వైపు చూపిస్తే, "అది మీకెందుకులే" అనేవాడు. ధర ఎంతో కూడా చెప్పేవాడు కాదు. అక్కకూ నాకూ తమ్ముడికీ ఒకే తానులో గుడ్డ. అలా కొంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. అమ్మ తనకోసం ఏదైనా కొనుక్కున్నట్టు నాకు గుర్తులేదు.

అయినా మాకు తెనాలి అంటే ప్రాణం. ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర నాన్న గొంతుకూర్చుని తాగేవాడు, తన గ్లాసు తనే కడిగి వేరుగా పెట్టేవాడు. తెనాలి హోటల్లో కుర్చీలో కూర్చునేవాడు. "ఇడ్లీ తీసుకురా బాబూ" అని సర్వర్ని పిలిచేవాడు. మా నాన్న ఒకరిని పిలవడం, వాళ్ళు రావడం నేను ఏడాదిలో ఆ ఒక్కరోజే చూసేదాన్ని. మీకు షికారంటే ఇల్లు వదిలి తిరగడం. మాకు అది ఊరి చూపు నుంచి దొరికిన ఒక పూట సెలవు. బాబాసాహెబ్ ఊళ్ళు వదలమని ఎందుకన్నారో నాకు పుస్తకం కంటే ముందు ఆ కుర్చీ చెప్పింది.

సాయంత్రం బస్సు దిగాక పల్లెకు పోవాలంటే ఊరి మధ్య నుంచే దారి. అక్కడ అమ్మ బట్టల సంచీని కొంగు కిందకు లాక్కునేది. దొంగసొత్తులాగా. అరుగు మీది ఆసామి చూస్తే, "బాగానే కొంటన్నారే, ఇక అడ్వాన్సులెందుకు మీకు?" అనేవాడు. ఆ మాట ఊరికే పోదు. వచ్చే ఏడాది బదులు అడిగినప్పుడు గుర్తుచేసుకుంటాడు.

ఇక్కడే నాకు కొందరు కామ్రేడ్లతో తగవు. "అది కులం కాదు, వర్గం. ఆ ఊళ్ళో పేద అగ్రకులాల పిల్లలకూ కొత్త బట్టలు లేవు" అంటారు. నిజమే, లేవు. కానీ అప్పోసప్పో చేసి వాళ్ళు కొనుక్కుంటే ఊరు మురిసిపోయింది, "పిల్లాడికి బాగుంది" అంది. వాళ్ళకు కొనలేని బాధ ఒక్కటే. మాకు కొనలేని బాధా, కొన్నందుకు భయమూ రెండూ ఉన్నాయి. ఆ రెండోదానికి మీ వర్గ విశ్లేషణలో గడి లేదు.

ఇంకో వైపు నుంచి ఇంకో వాదన: "మార్కెట్టు వచ్చాక కులం కరిగిపోయింది, డబ్బుకు కులం లేదు." సరే, సినిమా టికెట్ లెక్క చూద్దాం. అందరికీ ఒకే ధర, ఒకే రకం సీటు. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందన్న దగ్గర. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. మా ఇళ్ళల్లో ఆ తర్వాత చాలాకాలం, సినిమాకెళ్ళే పిల్లలకు చెప్పిన జాగ్రత్త ఒకటే: "కాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చో." ఇది మీ సినిమా జ్ఞాపకాల్లో ఉందా?

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి వెళ్ళడాన్ని హక్కుగా పేరుపెట్టి మరీ రాసింది. 1955 చట్టం అస్పృశ్యత పేరుతో సరుకు అమ్మకపోవడాన్ని నేరం చేసింది. స్వేచ్ఛ, సమానత్వం లాంటి పెద్ద మాటలున్న పుస్తకంలో కొట్టు గురించి, హోటల్ గురించి ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి. రాశాక కూడా ఏం జరిగింది? 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల సర్వే చేసి 2006లో 'గ్రామీణ భారతంలో అంటరానితనం' పుస్తకంగా తెస్తే, మూడో వంతుకు మించిన గ్రామాల్లో దళితులను ఊరి కొట్లలోకి రానివ్వడం లేదని తేలింది. "ఆ రోజుల్లో కులం లేదు" అని మీరు నిట్టూర్చే రోజులకు ఇవి ఎంత దూరం?

ఇప్పుడు నా క్లాసు సంగతి. "మరపురాని విహారయాత్ర" అని వ్యాసం ఇస్తే, సంక్షేమ హాస్టల్ పిల్లలు కూడా కారులో తిరుపతి వెళ్ళినట్టు రాస్తారు. గైడులో అలా ఉంది కాబట్టి. వాళ్ళు ఎక్కిన ఆటో, వాళ్ళమ్మతో పత్తి ఏరడానికి వలసపోయిన ఊరు, అక్కడ ఆదివారం సంతలో కొన్న ప్లాస్టిక్ గాజులు వ్యాసానికి పనికిరావని పదో తరగతి లోపే నేర్పేశాం. మన సాహిత్యం కొలువుదీర్చిన బాల్యాలు ఎక్కువగా అగ్రహారం నుంచో, పెద్దరైతు లోగిలి నుంచో వచ్చినవి. వాటిని చదవొద్దనను, నేనే పాఠం చెబుతాను. కానీ అవే "తెలుగువాడి బాల్యం" అంటే ఒప్పుకోను. అవి కొందరి బాల్యాలు. ఆ కొందరి పేరు చెప్పి పాఠం చెప్పండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మను నాలుగు ప్రశ్నలు అడగండి. కొట్టు దగ్గర ఎక్కడ నిలబడేదానివి? చిల్లర ఎలా ఇచ్చేవాళ్ళు? నీకోసం మొదటిసారి ఏం కొనుక్కున్నావు? కొన్నది ఎవరికి కనపడకుండా దాచావు? ఆమె చెప్పినట్టే, ఆమె మాటలోనే రాయండి. మీ మాస్టారు గ్రాంథికం కాలేదని మార్కులు కోస్తే నాకు పంపండి, నేను ప్రచురిస్తాను.

"కులాలు మాకు తెలియవు" అనే పోస్టు ఈసారి కనిపిస్తే, దాటిపోవద్దు. దాని కిందే మీ అమ్మ జవాబు పెట్టండి.

వచ్చే భాగం: హాస్టల్ ట్రంకుపెట్టె.

జై భీమ్.